రాయని ఫిర్యాదు

డిటెక్టివ్ కుర్చీ చూపించినా ఆవిడ కూర్చోలేదు.

"రేపోమాపో నా ఉద్యోగం ఊడుతుందండీ. ఆఫీసులో కంప్యూటర్లు నేనే పాడుచేస్తున్నానంటున్నారు."

ఆవిడ పని కంప్యూటర్లు బాగుచేయడం. మేనేజరుతో సహా ఆఫీసంతా ఆవిడని అక్కా అనే పిలుస్తుంది. డిటెక్టివ్ పక్కనున్న బావమరిదికి ఆవిడ చెప్పింది నిజమే అనిపించింది. అతనికి ఎవరేం చెప్పినా నిజమే అనిపిస్తుంది. అందుకే బావ డిటెక్టివయ్యాడు, తను సహాయకుడిగా మిగిలాడు.

మేనేజరు ఈమధ్య ఎవరి పనెంతో కొలవడం మొదలుపెట్టాడు. కంప్యూటర్లో రాసిన ఫిర్యాదులకే లెక్క. అవన్నీ కొత్త టెక్నీషియన్ ఒక్కడికే కనిపిస్తాయి. కేకేసి పిలిచే పనులు అక్కవి. లెక్కలో అతను కొండంత, ఆవిడ సున్నా. అప్పట్నుంచే పొద్దున వచ్చేసరికి ఏదో ఒక కంప్యూటర్ పనిచేయడం లేదు. అక్కే కుళ్ళుకొని చేస్తోందని మేనేజరు అనుమానం.

ఆఫీసులో బావమరిదికి ప్రతివాడూ దొంగలాగే కనిపించాడు. డిటెక్టివ్ మాత్రం బల్లల వెనక దూరి వైర్లు చూశాడు. అన్నిటి మీదా వేలిముద్రలున్నాయి, స్టోర్‌కీపర్ వైరు మీద తప్ప. దాని మీద దుమ్ము పేరుకుని ఉంది.

"మీది ఎప్పుడూ చెడలేదా?" అని స్టోర్‌కీపర్ని అడిగాడు.

"లేదండి."

"చెడితే ఫిర్యాదు రాస్తారా?"

"రాయడమెందుకు? అక్కా అంటే వస్తుందిగా."

"ఇవాళొకటి రాయండి. మౌస్ సరిగా కదలడం లేదని. ఎవరికీ చెప్పకండి, అక్కకి కూడా."

మర్నాడు పొద్దున స్టోర్‌కీపర్ కంప్యూటర్ పనిచేయలేదు. టెక్నీషియన్ పరుగున వచ్చాడు. తెర వైపైనా చూడకుండా సరాసరి బల్ల వెనక్కి చెయ్యి పెట్టాడు.

డిటెక్టివ్ అందరినీ అక్కడే నిలబెట్టాడు.

"రాసేవాళ్ళ కంప్యూటర్లే చెడుతున్నాయి. కేకేసేవాళ్ళవి చెడవు, చెడినా లెక్కలోకి రావు కనక. ఈయన నిన్న మొదటిసారి రాశాడు. ఆ సంగతి తెలిసింది ఒక్కడికే. ఆ ఒక్కడే వైరు ఊడదీశాడు, ఇప్పుడు వెతక్కుండానే పెట్టబోయాడు."

టెక్నీషియన్ తల దించుకున్నాడు. "లెక్క తగ్గితే నన్ను పంపేస్తారని భయపడ్డానండీ," అన్నాడు. మేనేజరు అతన్ని తన గదిలోకి వెళ్ళి కూర్చోమన్నాడు.

బావమరిదికి అతని మీదా జాలేసింది. అక్క మాత్రం కళ్ళు తుడుచుకుంటోంది.

"మీ ఉద్యోగానికేం ఢోకా లేదు," అన్నాడు మేనేజరు ఆవిడతో. ఆ సంగతి కాగితం మీద పెడదామని ప్రింటర్ నొక్కాడు. కాగితం సగంలో ఇరుక్కుంది. అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాడు.

"అక్కా, ఈ ప్రింటరు..."

"రాయండి సార్," అంది అక్క, ఈసారి కుర్చీలో కూర్చుంటూ. "రాశాక వస్తాను."