పండరి దారి సంచి

తెల్లారి టీ గిన్నె పొయ్యి మీద ఉండగానే హౌసాబాయి నడుముకు చెంగు బిగించి, గోడకు వేలాడుతున్న భర్త సంచి వైపు నడిచింది. ఏడాదిగా ఆ సంచిని ఎవరూ ముట్టలేదు. అందులోని భజన తాళాలు మాత్రం గాలి లేకపోయినా అప్పుడప్పుడూ మోగేవి. ఎలుకలని అత్తాకోడళ్లు ఒకరికొకరు చెప్పుకునేవారు. ఆ ఇంట్లో ఎలుకలు లేవు.

"దాన్ని తియ్యకండి అత్తయ్యా!" కోడలు సులభ అడ్డం వచ్చింది.

"ఎల్లుండి పండరి యాత్ర పాల్కీ మన ఫల్టణ్ ఊరి మీదుగా పోతుంది. ఈసారి ఆయన బదులు పండరికి నేను నడుస్తా. ఆయన తాళాలు తీసుకోవద్దా?"

"కొత్తవి కొనిస్తాను."

"చీపురు కొనమంటే ఏడాది పట్టింది నీకు. ఇవాళ తాళాలు కొంటావా? ఏం దాచావే అందులో?"

సులభ ముఖం పాలిపోయింది. నిరుడు మామగారు జ్ఞానోబా పది రోజులు నడిచి, ఏకాదశి ఉపవాసంతో పండరిలో చంద్రభాగ ఏటి ఇసుకలో నెత్తురు కక్కుకుని పోయాడు. ఒకే జాతి నొప్పి మాత్రలు రెండు రకాలు కలిపి మింగడంతో కడుపు లోపలి పొర పుండుపడి తెగిందన్నాడు డాక్టరు. దారిలో ఉచిత శిబిరాల వాళ్లిచ్చి ఉంటారని ఊరు తీర్మానించింది. అందరికంటే గట్టిగా అన్నది సులభే.

"మోకాళ్లని మామయ్య మూలుగుతుంటే ఒక మాత్రల అట్ట నేనే పెట్టాను. తెల్ల మాత్రలు, రోజుకొకటి. నాది లేకపోతే, శిబిరం వాళ్ల రకం ఒక్కటే కడుపులో పడేది కదత్తయ్యా!"

హౌసాబాయి సంచి బోర్లించింది. తాళాలు, తులసిమాల, ఒకే దారంతో కట్టిన రెండు ఖాళీ అట్టలు.

"రెండోది శిబిరం వాళ్లది కాదే. నాది," అంది. "'కోడలికి చెప్పకు, తిడుతుంది' అన్నారు."

"నాతో 'మీ అత్తకు చెప్పకు, బెంగపడుతుంది' అన్నారు."

"అంతేలే. ఎవరు వడ్డించినా వద్దనే నోరా అది?"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. టీ పొంగి పొయ్యి ఆరింది.

అప్పుడు కనబడింది సులభకు, ఉబ్బెత్తుగా ఉన్న అత్తగారి చెంగు ముడి.

"ఇందులో ఎన్ని రకాలు?"

"రెండే," అంది హౌసాబాయి, దొరికిపోయిన పిల్లలా.

సులభ ముడి విప్పి మాత్రలు తీసుకుంది. కంచంలో భాకరీ రొట్టె పెట్టింది. "ముందు తినండి. ఏది వేసుకోవాలో డాక్టరును అడుగుదాం. పండరికి నేనూ వస్తా."

నేల మీది తాళాలు సన్నగా మోగాయి.

ఈసారి ఎలుకలని ఎవరూ అనలేదు.