ఆరని పూత

నలభై ఏళ్లు చెక్కకు మెరుగుపెట్టిన ఆ పెద్దాయనకు ఒక సిద్ధాంతం ఉండేది: తుడిస్తే పోని మచ్చ లోకంలో లేదు. ఆ సిద్ధాంతం ముందు ఎన్నో బల్లలూ బీరువాలూ తలవంచాయి. ఒకసారి పాలిష్ పచ్చిగా ఉన్న కుర్చీలో కూర్చోబోయిన న్యాయమూర్తినే “పూత ఆరలేదు, ముట్టుకోకండి!” అని గద్దించి నిలబెట్టిన మొనగాడాయన. పని మానుకున్నాక సామ్రాజ్యం మూడు గదులకు కుదించుకుపోయినా, స్పిరిట్టు సీసా, దూది ఉండ మాత్రం రాజలాంఛనాల్లా వెంటే ఉండేవి.

ఆ ఉదయం ఆయన కంటబడ్డ మచ్చ మూడు వారాల మనవరాలి చెంప మీద ఉంది. నెలలు నిండకుండా పుట్టి, ఆసుపత్రి గాజుపెట్టెలో పెరిగి, నిన్ననే ఇల్లు చేరిన పిల్ల. ముక్కుగొట్టం కదలకుండా అంటించిన పట్టీ తాలూకు జిగురు నల్లగా మిగిలిపోయింది. కొడుకు పనికి వెళ్లాడు. కోడలు స్నానాల గదిలో ఉంది. భార్య వంటింట్లో ఉంది. చక్రవర్తికి అడ్డెవరు? దూదిని స్పిరిట్టులో ముంచి రెండంటే రెండుసార్లు తుడిచాడు. పిల్ల కెవ్వుమని, కాసేపటికి ఊరుకుంది. మచ్చ పోయింది. విజేత పేపరు అందుకున్నాడు.

అరగంట తిరక్కుండానే కోడలి గొంతు ఇంటిని కుదిపింది.

“అత్తయ్యా! త్వరగా రండి! దీని చెంప చూడండి!”

బొటనవేలి గోరంత మేర చర్మం లేచిపోయి, ఎర్రగా, తడిగా మెరుస్తోంది. ఒక మెరుపును చూసి పెద్దాయన మొహం తిప్పుకోవడం జీవితంలో అదే మొదలు.

“నీ గోరే తగిలుంటుంది,” అంది అత్తగారు. “నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. చిలక ముక్కుల్లాంటి గోళ్లేసుకుని పసిదాన్ని ఎత్తుకుంటారా ఎవరైనా?”

“చూసుకునే ఎత్తుకున్నానత్తయ్యా...”

“మరి ఇది గాలికి లేచిందా?”

పెద్దాయన నోరు తెరిచాడు. నలభై ఏళ్ల పేరు అడ్డొచ్చింది. “నర్సమ్మ వస్తుందిగా, ఆవిడే చెబుతుందిలే,” అన్నాడు. స్పిరిట్టు సీసా అప్పటికే చెప్పుల అర వెనక అజ్ఞాతవాసానికి వెళ్లిపోయింది.

లోపలి గదిలోంచి టక్, టక్ అని గోళ్లు కత్తిరిస్తున్న చప్పుడు. పది దాకా లెక్కపెట్టి ఆయన కళ్లు మూసుకున్నాడు.

పసిపిల్లలను ఇళ్లకు వచ్చి చూసివెళ్లే నర్సు చెంపను పరీక్షగా చూసింది. “గోరు కాదమ్మా. గోరైతే గీత పడుతుంది. ఇది దేనితోనో కాలింది. ఏం రాశారో చెప్పండి, లేకపోతే ఏ మందు వేయాలో ఎలా తెలుస్తుంది?”

“నేనేం రాయలేదండీ,” అంటూ కోడలు చేతులు వెనక్కి దాచుకుంది. “అయినా దాన్ని నా చేతికివ్వకండి. నాకు తెలియకుండా నేనే ఏదో చేసుంటాను.”

దాచిన చేతులు వెనక కూర్చున్న పెద్దాయనకే కనబడ్డాయి. గోళ్లు మొదలంటా పోయాయి. రెండు వేళ్ల చివర నెత్తురు.

“నేనే,” అన్నాడాయన. “స్పిరిట్టుతో తుడిచాను.”

నర్సు చెంపను గోరువెచ్చని నీళ్లతో కడిగి, డాక్టరుకు ఫోన్ చేసింది. “వెంటనే తీసుకురమ్మంటున్నారు,” అంది.

“చెక్క కంటే ఒళ్లు గట్టిదనుకున్నానమ్మా.”

“మనకి గట్టిదే తాతగారూ. ఈ పిల్లకి పైపొర ఇంకా కుదురుకోలేదు. లోపలి తడి బయటికి పోతుంది, బయట రాసింది లోపలికి దిగుతుంది. పొర మీద పొర కట్టుకుంటూ వస్తుంది. పూర్తిగా గట్టిపడాలంటే ఏడాది పైనే.”

న్యాయమూర్తికి నేర్పిన పాఠం ఆయనకు ఇప్పుడు వంటబట్టింది.

పిల్లకు గుడ్డ చుడుతూ కోడలు ఆగింది. “తెలియక తుడిచారు, సరే మామయ్యా. పొద్దున్నుంచీ నన్నంటుంటే వింటూ కూర్చున్నారే! గోళ్లు కత్తిరించుకుంటుంటే వినబడలేదా?”

“వినబడిందమ్మా.”

అత్తగారు కోడలి వేళ్లు పట్టుకుని, తలెత్తకుండా నెత్తురు కడిగింది.

మర్నాటి నుంచి ఆయన గడప ఇవతలే నిలబడి అడిగేవాడు. “ఆరిందా అమ్మా?”

“లేదు మామయ్యా.”

రెండు వారాలకు చెంప మీద కొత్త చర్మం వచ్చింది. అది గడప ఇవతలికీ కనబడుతూనే ఉంది. జవాబు మాత్రం మారలేదు. ఆయన వాదించలేదు. పూత ఆరిందో లేదో చెప్పడం ఇప్పుడు ఆయన పని కాదు.

నెల దాటాక ఒక ఉదయం కోడలు ‘లేదు’ అనలేదు. పిల్లను ఒళ్లో సర్దుకుని, గోళ్లు మళ్లీ వచ్చిన చేత్తో పక్కనున్న పీటను ముందుకు జరిపింది.

“మీరే చూసి చెప్పండి.”

ఆయన మూడుసార్లు చేతులు కడుక్కున్నాడు. పచ్చిపూతను చూసే పద్ధతిలో, వేలిని వెనక్కి తిప్పి, వెనకవైపుతో చెంపను తాకీ తాకనట్టు తాకాడు. పిల్ల పాలకోసం ఆ వేలివైపే నోరు తిప్పింది.

“ఇంకా లేదమ్మా,” అన్నాడు పెద్దాయన, మోచేత్తో కళ్లు ఒత్తుకుంటూ. “ఏడాది పడుతుందన్నారుగా. ఆగుతాను.”