రెండు సెకన్ల వ్యాకరణం

ఉదయం ఏడింటికి పలాసలో, జీడి ఫ్యాక్టరీ వెనక తొక్కల గుట్ట మీద ఏజెంట్ దిలీప్ శవం దొరికింది. నుదుట ఒకే ఒక్క బుల్లెట్. చొక్కా గుండీలో దాచిన మైక్‌ను హంతకులు గమనించలేదు.

పదకొండింటికి టెక్కలిలో, పైకి ట్రావెల్స్ ఆఫీసులా కనిపించే గదిలో, సీక్రెట్ సర్వీస్ చీఫ్ కృష్ణారావు ఆ రికార్డింగ్ వినిపించాడు. ఎదురుగా ఏజెంట్ జ్యోత్స్న. దిలీప్‌తో నాలుగేళ్లు కలిసి పనిచేసిన మనిషి.

ముందు ఒక ఆడగొంతు: "పెర్ద్ర్. నూ."

దిలీప్: "నూజావియోఁ పెర్ద్యు."

నిశ్శబ్దం. తర్వాత సైలెన్సర్ చప్పుడు.

"ఫ్రెంచ్. పెర్ద్ర్ అంటే పోగొట్టుకోవడం, నూ అంటే మేము," అన్నాడు కృష్ణారావు. "లోపలికి వచ్చేవాళ్ళకి ముఠా ఒక క్రియ, ఒక సర్వనామం ఇస్తుంది. జవాబు ప్లూపర్ఫెక్ట్ సబ్జంక్టివ్‌లో, అంటే 'అలా జరిగి ఉంటే' అని జరగని సంగతులు చెప్పే కాలంలో చెప్పాలి. అదే పాస్‌వర్డ్. దిలీప్ నిజంగా జరిగినవాటికి వాడే మామూలు ప్లూపర్ఫెక్ట్‌లో చెప్పాడు."

"మనకెప్పుడు తెలిసింది సార్?"

"ఇవాళ తొమ్మిదింటికి. ఇచ్ఛాపురం స్టేషన్‌లో వాళ్ళ కొరియర్ అమ్మాయి పట్టుబడి చెప్పింది. ఆ సంగతి ముఠాకి ఇంకా తెలీదు."

"అంటే దిలీప్‌ని పాస్‌వర్డ్ తెలియకుండానే లోపలికి పంపాం."

కృష్ణారావు మ్యాప్ పరిచాడు. మూలపేట ఎదురుగా సముద్రంలో నేవీ సర్వే నౌక. దాని అడుగున ముఠా అతికించిన మైన్. నౌకలో అరవై నలుగురు. ఓడ కదిలినా, డైవర్లు దిగినా ఒడ్డు నుంచి చూసి రిమోట్ నొక్కేస్తారు.

"రేపు పదింటికి కొరియర్ వచ్చి ఆ రిమోట్ అందుకుని నొక్కాలి. కొరియర్‌గా నువ్వెళ్తావు, ఆ అమ్మాయి మొహం వాళ్ళెవరూ చూడలేదు. ఇచ్చేది మోహిని. రికార్డింగ్‌లో విన్న ఆడగొంతు ఆమెదే. రెండేళ్ల కిందట ఆ ముఠాలోకి మనమే పంపాం. ఆర్నెల్లుగా రిపోర్టు లేదు. ఇప్పుడెవరి మనిషో దేవుడికే తెలియాలి."

మధ్యాహ్నానికి జ్యోత్స్న ఇచ్ఛాపురం చేరింది. యానాంలో ముప్పై ఏళ్లు ఫ్రెంచ్ చెప్పి రిటైరైన పోలారావు మాస్టారు తలుపు తీశాడు. ఏజెంట్లకు ఫ్రెంచ్ నేర్పేది ఆయనే.

"ఏటమ్మా, నువ్వొచ్చినావు? దిలీపేడీ?"

ఆమె చెప్పింది. ముసలాయన కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ కాలం ఒక్కటీ ఆడికి సెప్పకుండా ఒగ్గీసినానమ్మా. ఇప్పుడెవుడూ మాటాడ్డు, పాత పుస్తకాల్లోనే ఉంటాది, దండగ అనుకున్నాను." కళ్ళజోడు తీశాడు. "నా సేతుల్తో సంపీసినాను."

"మాస్టారూ, నాకు ఈ సాయంత్రం వరకే టైముంది."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని చాక్‌పీసు తీసుకున్నాడు.

"సూడు. సర్వనామానికి ముందు 'క్' తగిలించు. సాయం క్రియలు రెండు. మామూలు ఆటికి యూస్. రాడం, పోడం, పుట్టడం, సావడం, ఇలాటి ఆటికి ఫ్యూస్. దాని ఎనకాతల అసలు క్రియ పెట్టు. ఫ్యూస్ పక్కన ఆడా మగా తేడా ఉంటాది. అక్కడే అందరూ బోల్తా పడతారు. ఏదీ, సెప్పు!"

సాయంత్రం వరకూ చెప్పించాడు. తప్పినప్పుడల్లా బల్ల మీద అరచేత్తో చరిచాడు. ఒక్కసారి కూడా నవ్వలేదు.

మర్నాడు పదింటికి మూలపేట ఒడ్డున ఎండ చురచురలాడుతోంది. జాలర్లు వల లాగుతున్నారు. చేతిలో స్టీలు క్యారేజీతో జ్యోత్స్న ఒంటరిగా నడిచింది. క్యారేజీలో జామర్ ఉంది. మూత తిప్పిన పది సెకన్లకు చుట్టూ ఏ సిగ్నలూ పనిచేయదు.

సరుగుడు తోపు నీడలో మోహిని. నల్ల కళ్ళద్దాలు, పట్టుచీర, చేతిలో పిస్టల్. అటూ ఇటూ ఇద్దరు గన్‌మెన్. ఒకడి చేతిలో స్పీకర్ ఆన్ చేసిన ఫోన్. అవతల బాస్ వింటున్నాడు.

"మూరీర్," అంది మోహిని. "ఎల్."

చనిపోవడం. వాళ్ళు, అందరూ ఆడవాళ్ళే.

జ్యోత్స్న నాలుక మీదికి 'యూస్' వచ్చింది. మింగేసింది. చావుకి ఫ్యూస్.

"కెల్ ఫ్యూస్ మోర్..."

మగవాళ్ళకైతే అక్కడితో ఆగాలి. పిస్టల్ ఆమె నుదుటి ఎత్తుకి లేచింది. ఒక సెకను. రెండు.

"...త్. మోర్త్."

ఫోన్‌లోంచి తృప్తిగా ఒక దగ్గు వినిపించింది. మోహిని రిమోట్ ఉన్న చెయ్యి చాచింది.

"నొక్కు. ఇక్కడే."

"రెండు చేతులూ కావాలి," అంటూ జ్యోత్స్న క్యారేజీ ఇసుకలో దించింది. దించుతూ మూత తిప్పింది. రిమోట్ అందుకుని సేఫ్టీ క్యాప్ తీసింది. ఏడు. ఎనిమిది.

"నొక్కవే!" గన్‌మెన్ తుపాకీ ఆమె వీపుకి తగిలింది.

తొమ్మిది. పది. కళ్ళు మూసుకుని నొక్కింది.

సముద్రం అలాగే ఉంది. ఫోన్ గరగరమని ఆగిపోయింది. గన్‌మెన్ ఇద్దరూ నౌక వైపు తిరిగి చూసిన ఆ క్షణంలోనే వల వదిలేసి, జాలర్ల వేషంలో ఉన్న ఏడుగురు కమాండోలు వాళ్ళ మీద పడ్డారు. ఒక గన్‌మెన్ చనిపోయాడు. ఒక కమాండో భుజం చీలింది. మోహిని పిస్టల్ ఇసుకలో పారేసి చేతులెత్తింది. ఆ మధ్యాహ్నమే డైవర్లు దిగి మైన్ విప్పారు.

జీపులో మోహిని చేతులకు బేడీలున్నాయి.

"నీ ఫ్రెంచ్‌లో ఉద్దానం యాస ఉంది," అంది. "నువ్వు కొరియర్ కాదని మొదటి మాటకే తెలిసింది. నేనింకా మీ మనిషినే. రిపోర్టు పంపే దారి లేకపోయింది."

"మరి దిలీప్?"

"అప్పుడూ బాస్ ఫోన్‌లో వింటున్నాడు. దిలీప్‌కీ నీకిచ్చినట్టే రెండు సెకన్లు ఇచ్చాను. దిద్దుకుంటాడేమోనని చూశాను."

"నేనూ తప్పు చెప్పి ఉంటే?"

"కాల్చేదాన్ని."

జ్యోత్స్న మొహం తిప్పుకుంది.

ఆ వారం ఆమె రాసిన మూడు పేజీల రిపోర్టుని ఢిల్లీ ఒకే ఒక్క దిద్దుబాటుతో ఆమోదించింది. 'పాస్‌వర్డ్ తెలిసేదాకా ఆగి ఉంటే దిలీప్ బతికి ఉండేవాడు' అన్న వాక్యాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన ఎవరో అధికారి నీటుగా రాశాడు: జరగని సంగతులు రికార్డులోకి ఎక్కించరాదు.