పెలికన్‌లో అయిదో ఊపిరి

ఫ్లోరిడాలో రాకెట్లు ఎగిరే కేప్ మీద వేసవిలో మధ్యాహ్నం తిరిగేసరికి మబ్బు కమ్మడం రోజూ ఉన్నదే. పిడుగుల సైరన్ మోగితే అందరూ పనులు ఆపి క్యాంటీన్‌కు పోతారు. ఆ రోజు లొరెట్టా మాత్రం కదల్లేదు. షెడ్డులో పెలికన్ పక్కన, మీటరు ముందు, పళ్ళు బిగించుకుని కూర్చుంది.

పెలికన్ నలుగురు మనుషుల్ని అంతరిక్షానికి తీసుకెళ్ళి తెచ్చే నౌక. దిగిన ప్రతిసారీ విప్పి, బాగుచేసి, మళ్ళీ పంపుతారు. లోపలి గాలి సంగతి చూసే ఇంజనీరు లొరెట్టా. ఎన్నిసార్లు ఎగిరినా దానికి ఒకటే జబ్బు. లోపల ఉండేది నలుగురు. మీటరు చూపించేది అయిదుగురు వదిలిన చెడుగాలి. మీటరు మార్చారు, వైర్లు మార్చారు, ఫ్యాన్లు మార్చారు. నేల మీద పరీక్షిస్తే నిక్షేపంలా ఉంటుంది. పైకి వెళ్తే మళ్ళీ అదే పాట.

కిందటిసారి తలనొప్పితో దిగిన వ్యోమగామి ఒకావిడ లొరెట్టాను పక్కకు పిలిచింది. "పైన ఒక రాత్రి మేం నలుగురం మెలకువగానే ఉన్నాం. ఎవరో గురక పెట్టారు," అంది.

షెడ్డు మేనేజరు స్టాన్సిల్ ఆ మాటకు పగలబడి నవ్వాడు. "గురకకి స్పేరు పార్టు ఉండదు లొరెట్టా. ఎగరొచ్చని సంతకం పెట్టెయ్. వచ్చే వారం ఎగరాలి."

లొరెట్టాకు ఒళ్ళు మండిపోయింది. పెలికన్ మొదటిసారి ఎగరకముందే దాని వెనక అరలో ఒక మనిషి చచ్చిపోయాడు. ఎమరీ అని, మెకానిక్. అరనిండా ఊపిరికి పనికిరాని నైట్రోజన్ ఉందని తెలియక లోపలికి దూరాడు. రెండో ఊపిరి అందలేదు. గుమ్మానికి ఉండాల్సిన హెచ్చరిక బోర్డు పని తెమలాలని ఎవరో తీయించేశారు. ఎవరో అందరికీ తెలుసు. ఆ స్టాన్సిలే సమాధి దగ్గర నిలబడి ఎమరీ భార్యతో, "జాగ్రత్తగా ఉండాల్సిందమ్మా," అన్నాడు. ఆ మాట లొరెట్టా గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది.

ఇన్నాళ్ళూ నౌక తలుపు తెరిచిపెట్టే పరీక్షలు చేశారు. ఈసారి ఆమె లోపల తాజా గాలి నింపి, తలుపు బిగించింది. లోపల ఎవరూ లేరు.

వాన మొదలైంది. రేకుల కప్పు దడదడలాడింది. తడిసిన సిమెంటు వాసన, దాని వెనక స్పిరిటు వాసన. మీటరు అంకె చాలాసేపు కదల్లేదు.

తర్వాత కదిలింది.

కాస్త పెరిగి ఆగింది. మళ్ళీ పెరిగింది. ఆగుతూ... పెరుగుతూ... మనిషి నిద్రలో ఊపిరి వదిలినట్టు.

లొరెట్టాకు భయం వేయలేదు. 'నువ్వేనా ఎమరీ? నీ కోపం కూడా చల్లారలేదన్నమాట,' అనుకుంది. వెంటనే స్టాన్సిల్‌కు ఫోను చేసింది.

స్టాన్సిల్ తడిసి ముద్దయి వచ్చాడు. "మీటరు పాడై ఉంటుంది."

"ఎన్నిసార్లు పాడవుతుంది సార్?"

"అయితే ఏమంటావ్? దెయ్యమంటావా?"

"నేనేమీ అనను. మీరే లోపల కూర్చోండి. ఏమీ లేదంటే ఇప్పుడే సంతకం పెడతా."

రోషానికి పోయి ఎక్కాడు. చెవులకు మైకున్న హెడ్‌ఫోను తగిలించుకున్నాడు, ఆమె కూడా ఒకటి పెట్టుకుంది. ఆమె తలుపు బిగించింది.

"నాలుగు సీట్లు, నేను... అంతే. నువ్వు సెలవు పెట్టి బీచికి పో," అంది అతని గొంతు ఆమె చెవిలో. కొంతసేపటికి మళ్ళీ, "లైటు ఆపావా?"

"లేదు."

"లొరెట్టా..." గొంతు తగ్గిపోయింది. "నా పక్క సీట్లో... ఎవరో బెల్టు పెట్టుకుంటున్నారు."

ఆమె చెయ్యి తలుపు పిడి మీదే ఉంది. తిప్పలేదు.

"తలుపు తియ్యి. లోపలి పిడి కదలడం లేదు... తియ్యి... గాలి ఆడటం లేదు..."

"జాగ్రత్తగా ఉండాల్సింది సార్," అంది లొరెట్టా.

అన్నాక తన గొంతు తనకే పరాయిగా వినబడింది. అప్పుడు తిప్పింది.

స్టాన్సిల్ హెడ్‌ఫోను లోపలే పారేసి పాకుతూ బయటికొచ్చాడు. పెదవులు నీలంగా మారాయి. నేల మీదే కూలబడి, ఆమె మొహం చూడకుండా చెప్పాడు. "ప్రయాణం ఆపేస్తున్నా. ఆ బోర్డు... తీయించింది నేనే. ఎమరీ వాళ్ళావిడకి నేనే వెళ్ళి చెప్తా." లేచి, గోడ పట్టుకుని వానలోకి నడిచిపోయాడు.

లొరెట్టా పట్టరాని కోపమంతా ఒక్కసారి కారిపోయి, కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. తలుపు మెల్లగా మూసి బిగించింది. హెడ్‌ఫోను మైకు నోటికి దగ్గరగా జరుపుకుంది.

"ఎమరీ, ఇక చాలయ్యా. వాడు ఒప్పుకున్నాడు. పడుకో."

వాన వెలిసింది. షెడ్డులో ఎక్కడా చప్పుడు లేదు. మీటరు అంకె నిలిచిపోయింది... ఎవరో శ్రద్ధగా వింటున్నట్టు.

చెవిలో ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత ఒక గొంతు వచ్చింది. ఎమరీది కాదు. ఆడదో మగదో తెలియలేదు. ఎంతో దూరం నుంచి వచ్చి ఇంకా అలుపు తీరనట్టుంది. ఒక్కో మాటే కూడబలుక్కుంటూ, గుసగుసగా అడిగింది.

"ఎమరీ... ఎవరు?"