క్రాలర్ కొట్టిన కోడ్‌వర్డ్

తలుపు తీసిన మనిషి గుండెలో రెండు తూటాలు దిగాయి. మాంటెవిడియో రేవు దగ్గర, పట్టపగలు. చనిపోయిన ఏజెంట్ చిరునామా తెలిసింది ముగ్గురికే: గూఢచారి సంస్థ చీఫ్ ఎచెగారాయ్‌కి, అతని ఏజెంట్ యమాండూకి, విదేశీ ఆయుధాల ముఠాలో వీళ్ల తరఫున తిరుగుతున్న ఇలియానాకి.

"అమ్ముడుపోయింది ఆమే. తేల్చుకురా," అన్నాడు చీఫ్.

యమాండూ భయం వేరు. చనిపోయినవాడి చిరునామా ఉన్నచోటే అతనిదీ ఉంది. ఏజెంట్ల వివరాలన్నీ పాత ఫర్నిచర్ దుకాణం పేరుతో నడిచే వెబ్‌సైట్‌లో దాచారు. దుకాణం సెర్చ్ పెట్టెలో కోడ్‌వర్డ్ కొడితేనే పేజీ వస్తుంది. దానికి లింకంటూ ఎక్కడా లేదు. అతని కోడ్‌వర్డ్ 'ఊగుడు కుర్చీ'.

సముద్రం ఒడ్డున, చంకలో ఫ్లాస్కు ఇరికించుకుని మాతే ఆకుల టీ తాగుతూ కనిపించింది ఇలియానా. ఎర్రటి పెదవులు, నల్ల కళ్లజోడు. అతని చెయ్యి కోటులోని పిస్తోలు మీదికి పోయింది.

"కాల్చుదువుగానీ, ముందు ఇది చూడు మొద్దూ."

ఆమె ఫోన్‌లో మామూలు సెర్చ్ ఇంజిన్. అతని మారుపేరు కొట్టగానే దుకాణం పేజీ లింకు వచ్చింది.

"ఎవరు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదు. సెర్చ్ ఇంజిన్‌కి క్రాలర్ అనే ప్రోగ్రాం ఉంటుంది, అది ప్రతి సైటూ తిరుగుతుంది. ఖాళీ పెట్టె కనిపిస్తే ఆ సైట్‌లోని మాటలే ఏరి, అందులో వేసి చూస్తుంది. మీ దుకాణంలో ఊగుడు కుర్చీ బొమ్మా, దాని కింద పేరూ లేవూ? అదే కొట్టింది. వచ్చిన పేజీని లోకానికి చూపిస్తోంది. చచ్చిపోయినవాడిదీ ఇలాగే బయటపడింది."

అతని మారుపేరు ముఠాకి ఇప్పుడే దొరికిందనీ, ఇద్దరు కారెక్కారనీ, చిరునామా దారిలో వెతుక్కుంటారనీ చెప్పింది. ఇంట్లో అక్క ఒక్కతే ఉంది. ఫోన్ ఎత్తడం లేదు.

లింకు నొక్కితే తెరుచుకునేది దుకాణం సైటే. అక్కడ మార్చొచ్చు. పాస్‌వర్డ్ తప్పు కొట్టాడు, మళ్లీ కొట్టాడు. తన ఇంటి చిరునామా చెరిపి నౌకాదళం బారక్స్ వీధి పేరు ఎక్కించాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

ఇలియానా ఫోన్ మోగింది. ఆమెని తమ మనిషే అనుకునే ముఠావాళ్లు, కారులోంచి. పేజీ తెరిచామంటున్నారు.

"ఏ వీధి?" అని అడిగి కళ్లు మూసుకుంది. విని, మెల్లగా ఊపిరి వదిలింది.

కారులోని ఇద్దరూ బారక్స్ గేటు దగ్గరే నౌకాదళానికి దొరికిపోయారు. చీఫ్ సైట్ మూయించాడు. ఇకమీదట మన ఏ సైట్‌లోకీ క్రాలర్లు రాకూడదని ఆ సైట్‌లోనే రాసిపెట్టమన్నాడు.

"రాసిపెడితే వింటాయా?"

"మర్యాద ఉన్నవి వింటాయి, చీఫ్," అంది ఇలియానా.

"లేనివి?"

"వాటిని జీతమిచ్చి మనమే ఏజెంట్లుగా పెట్టుకోవాలి."