వీసా ఫారంలో లేని మిర్చి బండి

"మీ అమ్మగారు ఏం చేస్తరు?"

కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే అడిగింది జమున. గోదావరిఖని బస్టాండు ఎదురుగా మేడమీద, పాస్‌పోర్టులూ వీసాలూ చూసే చిన్న ఆఫీసు అది. ఆమె అందులో చేరి నెల కూడా కాలేదు. బొగ్గు గనిలో డంపర్ నడిపే తండ్రికి బదిలీ అయితే ఈమధ్యే కాసిపేట నుంచి వచ్చారు.

తల్లికి ఐర్లాండ్ వీసా కోసం వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్న వీరేందర్ జవాబు చెప్పబోయాడు. సరిగ్గా అప్పుడే ఆమె తలెత్తింది. ఆ కళ్లలోకి చూస్తూ "మిర్చీలు ఏసి అమ్ముతది" అనడానికి పిల్లాడికి నోరు రాలేదు.

"ఏం చెయ్యదు. ఇంట్లనే ఉంటది. కంపెనీల నౌకరి చేసే కొడుకును నేనుండంగ ఆమెకేం ఫికర్?" అన్నాడు కాలర్ సర్దుకుంటూ.

"అంటే హౌస్‌వైఫ్. మీ మీద డిపెండెంట్."

"మొత్తం డిపెండెంటే!"

బొగ్గు ఊళ్లలో ఈ మాట అందరి నోళ్లలోనూ నలుగుతుంది. తండ్రి పోతే కొడుక్కి వచ్చేది డిపెండెంట్ ఉద్యోగం, తర్వాత దవాఖాన కాగితాల మీద తల్లి పేరు పక్కన రాసేదీ డిపెండెంటే. తండ్రి రాయమల్లు జబ్బుతో పోయాక వీరేందర్‌కి అలాగే గనిలో ఉద్యోగం వచ్చింది. ఇక్కడా ఆ మాటే పడేస్తే సరిపోతుందనుకున్నాడు మహానుభావుడు.

"తల్లిని ఇంత మంచిగ చూసుకునేటోళ్లు ఎంతమంది ఉంటరు!" అని జమున నవ్వింది.

ఆ నవ్వు మోసుకుని మెట్లు దిగాడు. ఆ తర్వాత లేని పనులు కల్పించుకుని వారానికి రెండుసార్లు ఎక్కాడు కూడా. ఒకనాడు జిరాక్సు, ఒకనాడు ఫొటో, ఇంకోనాడు ఉత్త వాన.

"వాన పడితే మా ఆఫీసుకెందుకొచ్చిన్రు?"

"గొడుగు లేదు."

"చేతిల ఉన్నదేంది మరి?"

చేతిలో గొడుగే ఉంది. ఆ రోజంతా ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

తర్వాత ఐర్లాండ్ నుంచి జవాబు వచ్చింది. వీసా ఇవ్వలేమన్నారు. దరఖాస్తుదారుకి సొంత ఊళ్లో పని గానీ సంపాదన గానీ లేదు, చూడ్డానికి వచ్చినామె తిరిగి వెళ్తుందన్న నమ్మకం మాకు కలగలేదు అన్నారు.

అక్కడ ఉన్నది వీరేందర్ అక్క శోభ. ఆస్పత్రిలో నర్సు. పోయినేడు కడుపు నిలవలేదు. ఇప్పుడు ఆరో నెల. రోజూ ఫోన్ చేసి తల్లి గురించి అడిగేది ఒక్కటే, "అవ్వ వస్తదా?" ఇప్పుడు దానికేం చెప్పాలో ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఒకడికి మాత్రం అసలు కారణం తెలుసు. వాడు తల దించుకుని డ్యూటీకి పోయాడు.

మధ్యాహ్నం అతను షిఫ్టు దిగేసరికి జమున నుంచి మెసేజ్. "సీదా ఆఫీసుకు రండి."

బొగ్గు మసి కడుక్కుని, తల దువ్వుకుని, వానలో తడుస్తూ మెట్లెక్కాడు. ఎక్కేటప్పుడు గుండెలో ఆశ కూడా ఉంది, దాచడమెందుకు! తలుపు తోశాడు.

లోపల కుర్చీలో తల్లి సారలమ్మ కూర్చుని ఉంది. భుజం మీద నూనె మరకల తువ్వాల. బల్ల మీద విప్పిన కాగితంలో మిర్చి బజ్జీలు. జమున ఒకటి కొరికి, కారానికి ముక్కు ఎగబీలుస్తోంది.

"రండి సారూ. 'వీసా ఎందుకు ఇయ్యమన్నరు బిడ్డా' అని అడుగుదామని మీ అవ్వ బండి కాడి నుంచి సీదా వచ్చింది. నువ్వేం పని చేస్తవని అడిగిన. ఏం చెప్పిందో ఎరుకనా?"

వీరేందర్ గోడ వైపు చూశాడు.

"గని గేటు కాడ మిర్చి బండి నాది. ఊరందరికి ఎరుకే కద బిడ్డా," అంది సారలమ్మ అమాయకంగా.

"నాకెరుక లేదు అత్తమ్మా. నీ కొడుకు చెప్పలె."

పెద్దమ్మా అనకుండా అత్తమ్మా అంది. ఇంకే రోజైనా వీరేందర్ ఆ పిలుపు పట్టుకుని గాల్లో తేలేవాడు. ఇవాళ నేల చీలితే బాగుండుననుకున్నాడు.

సారలమ్మ కొడుకు మొహం చూసింది. ఒక్క క్షణంలో అంతా అర్థమైంది ఆమెకి.

"నేనే చెప్పద్దన్న బిడ్డా. రోడ్డు మీది బండి అంటే ఆ దేశపోళ్లు ఇయ్యరేమో అని భయపడ్డ. పిలగానిదేం తప్పు లేదు."

ఎంత చక్కటి అబద్ధం! తల ఊపితే చాలు, గండం గట్టెక్కేది. జమున అతన్నే చూస్తోంది. వీరేందర్ ఊపలేకపోయాడు.

"అవ్వ ఏమనలె. నేనే చెప్పలె. నాకు నామోషీ అయింది."

"ఎవల ముంగట?" అడిగింది జమున.

"నీ ముంగటనే."

జమున చేతిలో మిర్చి అలాగే ఉండిపోయింది. సారలమ్మ మాత్రం వేరే ఏదో లెక్క తేల్చుకుంటున్నట్టు కొడుకునే చూసింది.

"అందుకేనారా, డ్యూటీ దిగి అవతలి రోడ్డుకెళ్లి ఇంటికి పోతవ్? నీకు ఆకలయితలేదేమో అనుకున్న. రోజు నీకని రెండు పక్కకు పెడుతున్న."

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. వీరేందర్ కూర్చోడానికి కుర్చీ ఉన్నా కూర్చోలేక, తల్లి కాళ్ల దగ్గర నేల మీద కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. ఇష్టపడ్డ పిల్ల ముందు ఏడవడం కూడా సిగ్గే, అయినా ఆగలేదు.

జమున కళ్లు తుడుచుకుని కొత్త ఫారం తీసింది.

"ఏడ్చుడు తర్వాత. మళ్ల అప్లై చెయ్యాలె. అత్తమ్మా, బిడ్డ కాడ ఎన్ని రోజులుంటవ్?"

"పురుడు పోసి, పిల్లకు నీళ్లు పోసుడు నేర్పి వస్త. ఆడనే ఉంటె ఈడ షిఫ్టు దిగినోళ్లకు ఎవలు పెడతరు? ఆకలితోని వస్తరు పాపం."

"గీ మాట మొదలే రాస్తె అయిపోయేదేమో!" అని వీరేందర్ వైపు తిరిగింది. "మున్సిపాలిటీ ఇచ్చిన బండి కార్డు తేవాలె. ఫోన్ల పైసలు పడే ఖాతా స్టేట్‌మెంట్ తేవాలె. బండి కాడ ఫొటో దిగాలె. పోయినసారి తప్పు ఎందుకు చెప్పిన్రో అది గూడ రాయాలె."

"నామోషీ అయిందని రాయాల్నా?"

"రాయాలె. నువ్వే సంతకం పెట్టాలె. మళ్ల అబద్ధం రాయను నేను."

మర్నాడు షిఫ్టు దిగే వేళకి బండి దగ్గర ఫొటో. తల్లి జల్లిగంటె పట్టుకుంది, వీరేందర్ పక్కన నిలబడ్డాడు. చుట్టూ అతనితో గనిలోకి దిగేవాళ్లే.

"అవ్వా, నీ కొడుకు తొవ్వ తప్పి ఇటొచ్చిండేంది?" అన్నాడు సదయ్య. అందరూ నవ్వారు. అంటే ఇన్నాళ్లూ అందరూ చూస్తూనే ఉన్నారన్నమాట! చెవులు కాలిపోయాయి. అయినా కదలకుండా నిలబడ్డాడు.

ఆ తర్వాత జమున అతనితో నవ్వలేదు. కాగితాలు తీసుకునేది, "సరే అండి" అనేది, అంతే. ఆ "అండి" వినడం కన్నా నాలుగు తిట్లు తినడం నయమనిపించేది వీరేందర్‌కి. తనకి ఇదే తగుననీ అనిపించేది. సాయంత్రాలు బండి దగ్గర ఉల్లిగడ్డలు కోశాడు, పిండి కలిపాడు. తల్లి పక్కకు పెట్టిన రెండు మిర్చీలూ అక్కడే నిలబడి తిన్నాడు.

శోభకి ఎనిమిదో నెల నడుస్తుండగా వీసా వచ్చింది. సారలమ్మ కొత్త స్వెట్టరు వేసుకుని, మిర్చి పొడి పొట్లాలు కట్టుకుని విమానమెక్కింది. మర్నాడు మధ్యాహ్నం బండి ఎవరూ చెప్పకుండానే తెరుచుకుంది.

మొదటి వాయి మాడింది. రెండో వాయికి వాన మొదలైంది. పట్టా కింద పొయ్యి చాటు చేసుకుంటూ వీరేందర్ తలెత్తితే ఎదురుగా గొడుగు పట్టుకుని జమున.

"ఒక ప్లేటు."

ఇచ్చాడు. తిని మొహం చిట్లించింది.

"ఉప్పెక్కువైంది."

"నా మీద కోపం పోయిందా?"

"ఆ రోజు మీ అవ్వ నీ తప్పు తన మీదేసుకున్నది చూడు... అప్పుడు నువ్వు తల ఊపితే నా పాలిట చచ్చిపోయేటోనివి. ఊపలె. ఆ రోజే ఇష్టపడ్డ. కోపం పోవుడే లేటయింది."

 అంటూనే ఆమె వెనక్కి తిరిగి, "బాపూ, ఇటు రా!" అని కేకేసింది. దుకాణం చూరు కింద నిలబడ్డ పెద్దమనిషి వచ్చాడు. ఎల్లన్న, ఆమె తండ్రి. కింద నుంచి పైకి కుర్రాణ్ణి చూశాడు.

"ఎవల పిలగానివి?"

ఇక్కడ ఎవరైనా ఈ ప్రశ్నకి తండ్రి పేరూ గని పేరూ చెబుతారు. నౌకరి కూడా చెబితే మర్యాద పెరుగుతుంది. వీరేందర్‌కి అన్నీ ఉన్నాయి. పక్కన సదయ్యా, ఇంకో పదిమందీ ప్లేట్లు పట్టుకుని వింటున్నారు.

"సారలమ్మ కొడుకును. గీ బండి మా అవ్వది."

ఎల్లన్న ఒక మిర్చి తీసుకుని, నెమ్మదిగా నమిలి, మింగాడు.

"మీ అవ్వ ఎప్పుడొస్తది?"

"అక్క పురుడైనంక వస్తది కాకా."

"రానియ్. ఆమెతోనే మాట్లాడాలె." బిడ్డ వైపు చూసి గొడుగు అందుకుని, "ఉప్పు జర తక్కువెయ్," అని వెళ్లిపోయాడు.

జమున వెళ్లలేదు. కొంగు నడుముకి దోపుకుని, అతని చేతిలోంచి పిండి గిన్నె లాక్కుంది.