శేషన్న ఇంట్లో కొట్టే రేడియో

కమలాపురంలో శేషన్న ఇల్లంటే, పొద్దుగూకినాక కుక్క గూడా ఆ పక్కకు పోయేది కాదంట. మా అవ్వ చెప్పిన మాట ఇది. నవ్వొద్దప్పా, నిజం.

కరెంటు కొత్తగా వచ్చిన కాలం. ఊరి రేడియోను శేషన్న ముచ్చటపడి తన ఇంటి ముందరి గదిలోనే పెట్టించుకున్నాడు. అది పట్టుమని ఆర్నెల్లు గూడా వినకుండానే పోయినాడు పాపం. కర్మాంతరాలు అయినాయి, ఇంటికి సున్నం కొట్టించినారు. ఆ పొద్దు నుంచీ... రేడియో జనాన్ని కొట్టడం మొదలుపెట్టింది.

దాన్ని తిప్పే బిరడా ఊడిపోయి ఇనుప పుల్ల ఒకటే మిగిలింది. పగలు ముట్టుకుంటే ఏమీ కాదు. దీపాలు పెట్టినాక ముట్టుకుంటే — చెళ్లుమని ఒకటి! ఆపేసినా కొట్టేది. పాట లేదు, వెలుగు లేదు, దెబ్బ మాత్రం ఉండాది. దెయ్యం గాక ఇంకేంది?

"మా తమ్ముడే," అన్నాడు శేషన్నకు అన్నయిన పెద్దన్న. ఆ ఇంటిమీద ఆయనకు ఎప్పటినుంచో కన్ను. "నువ్వీడ ఉండేది వానికి ఇష్టం లేదు లక్ష్మీదేవమ్మా. అమాసలోగా పుట్టింటికి పో. ఇల్లు నేను చూసుకుంటా."

ఆమె శేషన్న పెండ్లాం. పుట్టింట్లో తల్లీ లేదు, తండ్రీ లేడు. యాడికి పోతాది?

"చీమకు గూడా హాని చెయ్యని మనిషి బావా! పోయినాక ఊరందరినీ కొడతాడా?" అని ఏడ్చింది. ఎవరూ వినలా.

వీధి దీపాలు చూసేదానికి బద్వేలు నుంచి బాలస్వామి వచ్చినప్పుడు ఆమె బతిమాలి పిలుచుకొచ్చింది. గదిలో రాముని పటం ఉందని అందరూ చెప్పులు గడప బయటే విడిచేవాళ్లు. దీపం పెట్టే ముందర ఆమె దినామూ నేల తడిపి తుడిచేది.

"తడి నేల, ఒట్టి కాళ్లు..." అని బాలస్వామి గోడకాడ ప్లగ్గు పీకి, అటుది ఇటు తిప్పి గుచ్చినాడు. "సున్నం కొట్టినోళ్లు తిరగేసి పెట్టినారు లేమ్మా. కరెంటంతా లోపలి రేకులోకి, ఈ పుల్లలోకి వస్తాండాది. ఇంక కొట్టదు. రేపు బిరడా తెస్తా. అంతదాకా ప్లగ్గు జోలికి పోవద్దు."

ఆమె తడి నేలమీదే నిలబడి పుల్లమీద వేలు పెట్టింది. ఏమీ కాలేదు. "ఉత్తపుణ్యానికి ఆయన్ను ఆడిపోసుకున్నారే!" అని బోరుమంది.

ఆ సంగతి పెద్దన్న చెవిన పడింది. చీకటి పడంగానే పరుపు చుట్టతో సహా దిగినాడు.

"దెయ్యం లేదంట గదా! ఇంక మేమే ఈడ ఉంటాం. నీకు పెరట్లో కొట్టం ఉండాది." భక్తిగల మనిషి... చెప్పులు గడప బయటే విడిచినాడు.

లక్ష్మీదేవమ్మ లోపలికి పోయింది. చెంబుతో నీళ్లు తెచ్చి నేల తడిపింది. గోడకాడికి పోయి, ప్లగ్గు పీకి, తిప్పి గుచ్చింది.

"వార్తల వేళయింది," అంది మెల్లగా. "కాస్త తిప్పు బావా."

ఆ కేక మా అవ్వోళ్ల ఇంటిదాకా వినిపించిందంట — "తమ్ముడా! పోతాండానురా! ఇల్లు నీ పెండ్లాందేరా!"

పరుపు ఈడ, చెప్పులు ఆడ, మనిషి యాడనో.

పొద్దున్నే బాలస్వామి బిరడా పట్టుకొచ్చినాడు. "పెట్టమంటావామ్మా?"

"పెట్టప్పా," అందంట లక్ష్మీదేవమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని. "ఆయన పని అయిపోయింది."